మక్కలకు కప్పిన శాలువా

సిద్దిపేట జిల్లా అయిన మరుసటి ఏడాది, మృగశిర కార్తె వెళ్ళిన వారంలో నాకు ఒక ఆఫీసు ఆర్డరు వచ్చింది. అప్పటికి నేను వ్యవసాయ యంత్రాలు తయారుచేసే ఒక కంపెనీలో డిప్యూటీ మేనేజర్‌ని, డిజైన్ విభాగంలో. మా షెడ్డు కుకునూరుపల్లి దాటాక రోడ్డు పక్కనే ఉండేది. ఆర్డరు సారాంశం ఏమిటంటే, ఇప్పుడున్న పనికి అదనంగా నేను 'పరిశ్రమ–విద్యాసంస్థ సమన్వయకర్త'గా కూడా వ్యవహరించాలి. డిజైన్ విభాగంలో ఎవరి ముఖమైనా కొంచెం తీరికగా కనిపిస్తే ఇలాంటి ఆర్డర్లు వస్తాయి. నా ముఖం పుట్టుకతోనే అలాంటిది.

ఈ సమన్వయకర్త చేయవలసిన పని కాగితం మీద చాలా తేలిక. మా ఎండీ గారు సిద్దిపేటలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీతో ఎంఓయూ, అంటే ఒప్పందం, చేసుకున్నారు. కాలేజీ వాళ్ళకు తెలిసింది కంపెనీకి చెప్పాలి. కంపెనీకి తెలిసింది కాలేజీకి చెప్పాలి. ఇద్దరి తెలివీ కలిస్తే కొత్త యంత్రం పుడుతుంది. మధ్యలో ఉండి ఆ పురుడు పోయవలసినవాణ్ణి నేను.

ఆర్డరు అందిన రోజే మా అడ్మినిస్ట్రేషన్ విభాగం నుంచి ఫోను వచ్చింది. సమన్వయానికి ఏమేం కావాలో కనుక్కుంటారేమో అనుకున్నాను. శాలువాలు ఎన్ని తెప్పించాలి అని అడిగారు.

పుట్టబోయే యంత్రం గురించి ముందు చెప్పాలి. అది మక్కలు, అంటే మొక్కజొన్న గింజలు, ఎండబెట్టే డ్రయ్యర్. మా వైపు దసరా దాటిందంటే రోడ్లన్నీ మక్కలే. సగం రోడ్డు మీద బస్సులు పోతాయి, మిగతా సగం మీద మక్కలు ఎండుతాయి. గింజలో తేమ నూటికి పద్నాలుగు పాళ్ళు దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. వాన పడిందా, అయిపోయింది. తడి గింజ కుప్పలో వేడెక్కుతుంది, బూజు పడుతుంది, ఆ తర్వాత కోళ్ళ దాణాకు కూడా పనికిరాదు.

మా డ్రయ్యర్ ఒక పెద్ద ఇనుప తొట్టి. తొట్టికి అడుగున కాస్త ఎత్తులో చిల్లుల రేకు, రేకు మీద మక్కలు, రేకు కింద ఖాళీ జాగా. దాన్ని మేము గాలిగది అంటాం. పక్కన పొయ్యి. అందులో గింజ వలిచిన బెండ్లు మండిస్తాం. బ్లోయర్ ఆ వేడిగాలిని ఒక గుడ్డ గొట్టం గుండా గాలిగదిలోకి కొడుతుంది. గాలి చిల్లుల్లోంచి పైకి లేచి, మక్కల మధ్య నుంచి దూరి, తేమను ఎత్తుకుపోతుంది. లెక్క ప్రకారం అలా జరగాలి. జరిగేది వేరు. అడుగునున్న గింజలు మాడేవి, పైనున్న గింజలు తడిగానే ఉండేవి. పైన పటారం లోన లొటారం అంటారు గానీ, మా డ్రయ్యర్‌కు రెండు చోట్లా లొటారమే.

దీనికి మా దగ్గర ఉన్న ఏకైక మందు పార. ఇద్దరు మనుషులు తొట్టిలోకి దిగి, పారలతో మక్కలను కిందికీ మీదికీ తిప్పుతూ ఉండాలి. ఆధునిక యంత్రంలో ఇద్దరు మనుషులు చెమటలు కక్కుతూ తిరగడం కరపత్రంలో వేయించుకునే బొమ్మ కాదు. అందుకే ఎండీ గారు గట్టిగా చెప్పారు. మన యంత్రంలో లోపం ఉందని బయటివాళ్ళ ముందు ఎవరూ అనకూడదు. ఎవరైనా అడిగితే 'ఫైన్ ట్యూనింగ్ జరుగుతోంది' అనాలి. ఆయన చెడ్డ మనిషి కాదు. మంచి సేద్యం ఉన్న కుటుంబం నుంచి వచ్చి, సొంతంగా వ్యాపారం నిలబెట్టుకున్నవాడు. లోపం చెప్పుకుంటే పరువు పోతుందని ఆయన నమ్మకం.

మా ఫోర్‌మన్ సత్తయ్యకు ఈ హెచ్చరిక అక్కర్లేదు. తను చేసిన దాంట్లో లోపం ఉంటుందని అతను కలలో కూడా ఒప్పుకోడు. బ్లోయర్ అతని సొంత సృష్టి. దాని ముందు నిలబడితే టోపీ ఎగిరి ప్రహరీ దాటేది. అడుగు మాడుతోందయ్యా అని నేనంటే, "గాలి మస్తుగొస్తుంది సార్, మక్కలకే తీసుకోవస్తలేదు" అనేవాడు.

ఇప్పుడు సమావేశాల సంగతి. మొదటిది మా షెడ్డు పైనున్న కాన్ఫరెన్స్ హాల్లో జరిగింది. సన్మానంలో ఒక హోదా క్రమం ఉంటుంది. ఈ వృత్తిలో లేనివాళ్ళకు తెలియకపోవచ్చు గనుక వివరిస్తాను. సంస్థ అధిపతికి వెడల్పు జరీ అంచు శాలువా. ఆ తర్వాతి వరసకు సన్న అంచు. ఆ తర్వాత అంచు లేనిది. అంతకు దిగువ పూలగుచ్ఛం. ఇంకా దిగువ ఒక్క గులాబీ పువ్వు. అందరికంటే చివర చాయ్. ఎవరికి ఎవరు కప్పాలన్నది కూడా హోదాను బట్టే. అధిపతికి అధిపతి, ఉప అధిపతికి ఉప అధిపతి. శాలువా పడ్డవారే మాట్లాడతారు. చాయ్ పడ్డవారు చాయ్ తాగుతారు.

ఎండీ గారు ప్రిన్సిపాల్ గారికి మెరూన్ రంగు వెడల్పు అంచు శాలువా కప్పారు. ప్రిన్సిపాల్ గారు మంచి మాటకారి. విద్య, పరిశ్రమ బండికి రెండు చక్రాల వంటివని చెప్పారు. ఎండీ గారు లేచి అవి నాణేనికి రెండు వైపుల వంటివని చెప్పారు. మూడో ఉపమానం అందక నేను 'ఫైన్ ట్యూనింగ్ జరుగుతోంది' అని కూర్చున్నాను. మిరపకాయ బజ్జీలు వచ్చాయి. ప్రిన్సిపాల్ గారి మెరూన్ శాలువా మీద, ఎడమ భుజం దగ్గర, అరచేతి వెడల్పున నూనె మరక పడింది. సభ ముగిసింది.

మర్నాడు పేపర్లో ఫోటో వచ్చింది. 'డ్రయ్యర్ రంగంలో విప్లవం' అని శీర్షిక. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం. సత్తయ్య ఆ ముక్క కత్తిరించి బ్లోయర్‌కు అంటించుకున్నాడు. ఆ తర్వాత బ్లోయర్ నడిపిన తొలి రోజే అది ఎగిరిపోయింది.

రెండో సమావేశం కాలేజీలో. ఈసారి కప్పే వంతు వాళ్ళది. నా పేరు పిలిచారు, వెళ్ళాను, భుజాల మీద శాలువా పడింది. మెరూన్ రంగు, వెడల్పు అంచు. నా హోదాకు అంత అంచు రాకూడదే అని చూసుకుంటే, ఎడమ భుజం దగ్గర నూనె మరక ఉంది. మేమిచ్చిన శాలువా మాకే తిరిగొచ్చింది. దాన్ని మా స్టోర్లో పెట్టించాను. కంపెనీకీ కాలేజీకీ మధ్య ఏ దాపరికమూ లేకుండా అటూ ఇటూ తిరిగింది ఆ శాలువా ఒక్కటే.

స్రవంతి మేడం మొదటి సమావేశానికీ వచ్చిందట గానీ, నేను ఆమెను గమనించింది ఆ సభలోనే. గెస్ట్ ఫ్యాకల్టీ, అంటే పర్మనెంట్ కాని లెక్చరర్. ధాన్యం ఆరబెట్టే పద్ధతుల మీద పీహెచ్‌డీ చేసిన మనిషి. ఆ కాలేజీ మొత్తంలో మా పనికి నేరుగా సంబంధం ఉన్నది ఆమెకే. కానీ ఆమెది చాయ్ హోదా. వెనక వరసలోంచి చెయ్యెత్తి, "సార్, గాలి దిక్కు గురించి ఒక్క మాట" అంది. సభ నడుపుతున్న లెక్చరర్ సమయం లేదని చెప్పి, వందన సమర్పణకు పిలిచాడు. ఆ వందన సమర్పణ చాయ్ చల్లారి మళ్ళీ వేడి చేసేదాకా సాగింది. ఆఖరుకు మైకు సెట్టు తెచ్చిన అతనికి కూడా వందనాలు అందాయి.

బయట మెట్ల దగ్గర ఆమె నన్ను పట్టుకుంది. "సార్, మీది అడుగు మాడుతుండాలె గదా?" అని నేరుగా అడిగింది. నా ఒంటి మీద శాలువా, ఒక చేతిలో పూలగుచ్ఛం, మరో చేతిలో అద్దాల జ్ఞాపిక ఉన్నాయి. ఎండీ గారు రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నారు. "ఫైన్ ట్యూనింగ్..." అని మొదలుపెట్టాను. ఫోటోగ్రాఫర్ వచ్చి నన్ను లాక్కుపోయాడు.

ఇంట్ల ఈగల మోత, బయట పల్లకీల మోత అన్న సామెత మా ఎంఓయూ కోసమే పుట్టిందనిపించింది. నాకు ఒళ్ళు మండిపోయేది. ఎవరి మీద మండాలో మాత్రం తెలిసేది కాదు. ప్రతి ఒక్కరూ నాకు మర్యాదే చేస్తున్నారు కదా.

మూడో సమావేశం దసరా తర్వాత. ఈసారి మా షెడ్డులోనే, నిజమైన రైతు మక్కలతో డ్రయ్యర్ నడిపి చూపించాలని నిర్ణయం. కొద్ది రోజుల ముందు ఎండీ గారు మిరుదొడ్డిలో రైతుల మధ్య మాట్లాడుతూ, "తడి మక్కలు ఏమున్నా మా షెడ్డుకు తీసుకరండ్రి, ఒక్క గింజ కరాబు కానియ్య" అన్నారు. వేదిక మీద అన్న మాటలను జనం ఇంటికి వెళ్ళేలోపే మరిచిపోతారని ఎండీ గారి ధీమా. కనకవ్వ మరిచిపోలేదు.

కనకవ్వది మిరుదొడ్డి. ఆమె భర్త తాటిచెట్లెక్కి కల్లు గీస్తాడు; సేద్యం మొత్తం ఆమెదే. ఆ ఏడు మక్కలు కోసి, గింజ వలిపించి, రోడ్డు మీద ఆరబోసిన మూడో నాడు వాన పట్టుకుంది. కొనుగోలు కేంద్రం వాళ్ళు తేమ మీటరు పెట్టి చూసి, ఎండబెట్టుకుని రమ్మన్నారు. ఎండ ఎక్కడుంది? కుప్పలో చెయ్యి పెడితే లోపల వెచ్చగా తగలడం మొదలైంది. అంటే రేపటికో మాపటికో బూజు పడుతుంది. ఆ ఏటి పంటంతా అదే. మక్కలు ట్రాక్టరులో ఎక్కించుకుని, మీద టార్పాలిన్ పరదా కప్పి, ఆహ్వానితులందరికంటే ముందే మా షెడ్డు ముందు దిగింది. దిగుతూనే నన్ను పట్టుకుని, "మీ పెద్దసారు చెప్పిండు గదా, ఒక్క గింజ కరాబు కాదని. గా మాట మీద తెచ్చిన. ఎండుతయా బిడ్డా?" అంది.

ఎండుతాయన్నాను. ఇంకేమనాలి?

సగం మక్కలు తొట్టిలో పోశాం. మిగతా సగం ట్రాక్టరులోనే ఉంచి పరదా కప్పాం, తుంపర పడుతోంది కాబట్టి. సత్తయ్య పొయ్యి రాజేసి బ్లోయర్ వేశాడు. పారలు పట్టిన ఇద్దరూ తొట్టిలోకి దిగారు. ఇంతలో కాలేజీ బస్సు వచ్చింది. సభ డ్రయ్యర్ పక్కనే, అదే షెడ్డులో ఏర్పాటు చేశారు. మైకు టెస్టింగ్ మొదలైంది. బ్లోయర్ మోతలో మైకు వినపడటం లేదు. అప్పుడు మా అడ్మినిస్ట్రేషన్ వాళ్ళు తీసుకున్న నిర్ణయం, నా ఉద్యోగ జీవితంలో నేను చూసిన నిర్ణయాలన్నిటిలోకి తలమానికమైనది.

బ్లోయర్ ఆపేశారు.

పారలు పట్టినవాళ్ళను కూడా పైకి రమ్మని, చేతులు కడిగించి, ఒకరికి శాలువాల పళ్ళెం, ఒకరికి పూలగుచ్ఛాల పళ్ళెం ఇచ్చి వేదిక పక్కన నిలబెట్టారు. పొయ్యి మాత్రం ఆపలేదు, ఆపాలని ఎవరికీ తోచలేదు. బ్లోయర్ లేకపోయినా పొయ్యి వేడి గొట్టంలోంచి మెల్లగా గాలిగదిలోకి పాకుతూనే ఉంది. ఆ వేడి పైకి పోయే దారిలేక అడుగు గింజల్లో కూర్చుంది.

విద్య, పరిశ్రమ ఒకే చెట్టు కొమ్మలని ప్రిన్సిపాల్ గారు ఆ రోజు కొత్త ఉపమానం తెచ్చారు. ఎండీ గారు ఆయనకు శాలువా కప్పారు. ప్రిన్సిపాల్ గారు ఎండీ గారికి కప్పారు. వైస్ ప్రిన్సిపాల్‌కు నేను, నాకు వైస్ ప్రిన్సిపాల్. ఆ తర్వాత విభాగాధిపతులు వరసగా. ఎవరో నిశ్వాస విడిచినంత సన్నగా వాసన మొదలైంది. ముందు వరసలో ఒకాయన ముక్కు ఎగబీల్చి, భోజనాల్లో మక్క గుడాలు కూడా పెడుతున్నట్టున్నారని పక్కాయనతో సంతోషంగా అన్నాడు.

కనకవ్వ లేచి నిలబడింది. ఆమెను వేదికకు ఎదురుగా, రైతు ప్రతినిధి అని చీటీ అంటించిన కుర్చీలో కూర్చోబెట్టారు. ఆమె గొంతుకు మైకు అక్కర్లేదు.

"సారూ, మాడు వాసనొస్తుంది. మీరు ఒకలనొకలు కప్పుకునుడు అయినంక నా మక్కలను జూస్తరా? లేకుంటే నేను ట్రాక్టరు ఎక్కిచ్చుకోని పోవాల్నా? గీ పంట పోతే నాకు ఇంకోటి లేదు."

ఎండీ గారి ముఖం చూశాను. ఆయనకు చెమటలు పట్టాయి. ఆయన ఒంటి మీద జరీ శాలువా ఉంది గనుక అందుకు కూడా అయి ఉండవచ్చు. ఆయన వేదిక దిగి తొట్టి దగ్గరికి వెళ్ళి, చెయ్యి అడుగుదాకా దూర్చి, చురుక్కుమనేసరికి వెనక్కి లాక్కున్నారు. అప్పుడు అందరూ వింటుండగా అన్నారు. "ఇది మొదటి నుంచి గిట్లనే ఉంది. అడుగు మాడుతుంది, మీద ఎండది. మాకు ఎట్ల చెయ్యాల్నో తెలుస్తలేదు."

అన్ని నెలల్లో మా కంపెనీ కాలేజీకి చెప్పిన మొదటి నిజం అది.

స్రవంతి మేడం అప్పటికే వెనక వరసలోంచి లేచి వచ్చేసింది. మైకు దగ్గరికి పోలేదు, నేరుగా సత్తయ్య దగ్గరికి పోయింది. గాలి ఎప్పుడూ కింది నుంచే వస్తే అడుగు గింజ మాడక ఏం చేస్తుంది అంది. సగం సేపు కింది నుంచి పైకి, సగం సేపు పై నుంచి కిందికి గాలి పోవాలి. అప్పుడు రెండు వైపులా సమంగా ఎండుతాయి, పారతో తిప్పే పని లేదు. "ఇదే చెప్దామని రెండు మీటింగుల నుంచి చెయ్యెత్తుతున్న" అంది. గాలిని తిప్పే తలుపులు, వాటికి కవాటాలు, అవన్నీ చాలా పెద్ద పని అవుతాయని, అందుకే పరికరాలు చూడకుండా ఏమీ చెప్పలేనని కూడా ఒప్పుకుంది.

సత్తయ్య నవ్వాడు. "తలుపులెందుకు మేడం? గొట్టం గుడ్డది. ఊడదీసి మీద పెడ్త. బ్లోయర్‌కు చక్రాలున్నై. గాలిగదికి ఊడ్చుకునే తలుపున్నది, తెరిస్తే గాలి గట్ల బయటికి పోతది. నేను అన్ని ముందే సోంచాయించి పెట్టిన." ముందే ఆలోచించి పెట్టింది ఏమీ లేదు. ఊరూరికీ తిప్పడానికి చక్రాలు, రాలిన గింజలు ఊడవడానికి తలుపు. అయినా ఆ క్షణంలో అతని గొప్పలు కూడా నాకు తియ్యగా వినిపించాయి. ఆమెకు గాలి ఎటు పోవాలో తెలుసు, అతనికి ఎటు పంపొచ్చో తెలుసు. ఇద్దరూ రెండు సమావేశాల్లోనూ పక్కపక్కనే నిలబడి చాయ్ తాగారు.

ఒక్క చిక్కు మిగిలింది. గొట్టం పైన పెడితే వేడిగాలి మక్కల్లోకి దిగదు, ఆకాశంలోకి పోతుంది. తొట్టి మీద మూత కావాలి. రేకు కత్తిరించి మూత చేయడానికి పూట పడుతుంది. పరదా తీద్దామంటే అది ట్రాక్టరు మీద మిగతా సగానికి కప్పి ఉంది, తుంపర ఆగలేదు. స్రవంతి మేడం చుట్టూ చూసింది. వెడల్పు గుడ్డ ఏదన్నా ఉంటే చాలు, కొంచెం గాలి కారినా పర్వాలేదు అంది. ఆమె చూపు ప్రిన్సిపాల్ గారి భుజాల దగ్గర ఆగింది.

మర్యాద శాస్త్రంలో కప్పడానికి క్రమం ఉంది గానీ విప్పడానికి లేదు. ముందు అధిపతి విప్పాలా, చివరివాడు విప్పాలా? చిన్నవాడు ముందు విప్పితే పెద్దవాణ్ణి విప్పమన్నట్టు అవుతుంది. పెద్దవాడు ముందు విప్పితే సన్మానాన్ని తిరస్కరించినట్టు అవుతుంది. విభాగాధిపతులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కనకవ్వ ఈ శాస్త్రం చదవలేదు. ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వచ్చి, "ఇయ్యి బిడ్డా" అని చెయ్యి చాపింది. ఆయన ఇచ్చేశారు. ఆ తర్వాత అంచు వెడల్పుతో నిమిత్తం లేకుండా అందరివీ వచ్చాయి. స్టోర్లో మిగిలిన కట్ట కూడా తెప్పించాను. మెరూన్ శాలువా అందులోనే ఉంది.

బస్తాలు కుట్టే దబ్బనాలు రెండు దొరికాయి. ఒకటి కనకవ్వ తీసుకుంది. రెండోది వైస్ ప్రిన్సిపాల్ గారు అడిగి తీసుకున్నారు. ఆయన తండ్రి దర్జీ అట. ఇన్నాళ్ళ పరిచయంలో ఆయన నాతో మాట్లాడిన మొదటి సొంత మాట అది. చూస్తుండగానే ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం శాలువాలు ఒకే దుప్పటి అయ్యాయి. నట్టనడుమ మెరూన్, దాని మీద బజ్జీ మరక. పై మక్కలు పక్కకు తోడి, మాడిన అడుగు పొరను గోకి తీసేసి, మంచివి మళ్ళీ పోసి, తొట్టి మీద దుప్పటి పరిచాం. సత్తయ్య గొట్టం మూతిని దాని కిందికి దూర్చి బ్లోయర్ వేశాడు.

టోపీలు ఎగరగొట్టే బ్లోయర్ అని చెప్పాను కదా. దుప్పటి పెళ్ళి భోజనం తిన్న పొట్టలా ఉబ్బి, తొట్టి అంచుల నుంచి లేచిపోబోయింది. "పట్టుకోన్రి!" అని సత్తయ్య అరిచాడు. హోదా చూడకుండా అరిచాడు. ప్రిన్సిపాల్ గారు ఒక మూల పట్టుకున్నారు. ఎండీ గారు ఎదురు మూల. విభాగాధిపతులు, నేను, ఫోటోగ్రాఫర్, 'ఒకే చెట్టు కొమ్మలు' అన్నప్పుడు చేతులారా చప్పట్లు కొట్టినవాళ్ళందరమూ చుట్టూ నిలబడి అంచులు పట్టుకున్నాం. వదిలితే లేచిపోతుంది. అందరి చేతులూ ఇరుక్కున్నాయి. మైకు ఎవరూ పట్టుకోలేరు. నమస్కారం కూడా పెట్టలేరు.

ఇంకేం చేస్తారు, మాట్లాడుకున్నారు. ఈ గాలి ఎంత వేడి ఉంటుందని ప్రిన్సిపాల్ గారు అడిగారు. ఎండీ గారికి తెలియదు, సత్తయ్య చెప్పాడు. అంత వేడి ఎక్కువ, గింజ పగులుతుందని స్రవంతి మేడం అంది. అయితే బెండ్లు తక్కువ వేస్తానని సత్తయ్య అన్నాడు. బెండ్లు తక్కువైతే గాలి చల్లబడదా అని ఒక విభాగాధిపతి. ఆయన సబ్జెక్టు కంప్యూటర్లు. అయినా మంచి ప్రశ్న. ప్రిన్సిపాల్ గారు, "నిజం చెప్పాల్నంటే, ఎంఓయూ మీద సంతకం పెట్టిన నాడు ఇది పిండి గిర్నీ అనుకున్న" అన్నారు. ఎండీ గారు పడీ పడీ నవ్వి తన మూల వదిలేశారు. దుప్పటి లేచి ఆయన కళ్ళద్దాలు పడగొట్టింది. "నవ్వుడు తర్వాత బిడ్డా, పట్టు!" అని కనకవ్వ గద్దించింది. ఆయన మళ్ళీ పట్టుకున్నారు.

కాసేపు పై నుంచి, కాసేపు కింది నుంచి గాలి మార్చుకుంటూ పోయాం. ట్రాక్టరులోని సగం కూడా పోసి ఎండబెట్టాం. భోజనాలు వంతులవారీగా జరిగాయి, ఎందుకంటే అంచు పట్టుకోవడానికి మనుషులు కావాలి. మర్నాడు కనకవ్వ మక్కలు కొనుగోలు కేంద్రానికి పోయాయి. నేనూ వెంట వెళ్ళాను. పై నుంచి ఒక పిడికెడు, నడుమ నుంచి ఒకటి, అడుగు నుంచి ఒకటి తీసి మీటర్లో పోశారు. మూడు చోట్లా పద్నాలుగు లోపే చూపించింది. నాకు కళ్ళు చెమర్చాయి. తేమ అక్కడికి చేరిందన్నమాట.

మాడిన అడుగు పొర మాత్రం మాకే మిగిలింది. ఒక్క గింజ కరాబు కాదని మాటిచ్చారు గనుక, పోయిన గింజకు బదులు గింజ ఇవ్వమని కనకవ్వ గట్టిగా అడిగి తీసుకుంది. ఆ మాడిన మక్కలు స్టాఫ్ రూములో బస్తాలో ఉండేవి. చాలాకాలం చాయ్‌తో పాటు అవే నమిలాం. బాగానే ఉండేవి.

బదులు గింజ తీసుకుపోవడానికి ఆమె వచ్చిన రోజు ఎండీ గారికి మళ్ళీ పాత జబ్బు తిరగబెట్టింది. కనకవ్వకు సన్మానం చేద్దామన్నారు. స్టోర్లో చూస్తే ఒక్క శాలువా లేదు. అన్నీ కలిపి కుట్టిన దుప్పటి తొట్టి మీద ఉంది. మనిషిని సిద్దిపేట పంపించి తెప్పిస్తానన్నారు. కనకవ్వ బస్తా నెత్తికెత్తించుకుంటూ, "నాకు కప్పుడెందుకు బిడ్డా? మక్కలకు కప్పిన్రు, గది చాలు" అని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత శాలువాల స్థానంలో మందపాటి కాన్వాస్ వచ్చింది, అంచులకు కొక్కేలు వచ్చాయి, మనుషులు పట్టుకునే పని తప్పింది. డ్రాయింగులో దాని అధికారిక నామం 'టాప్ కవర్'. అయితే సత్తయ్య మనుషులు మొదటి నుంచీ దాన్ని శాలువా అనే పిలిచారు. రైతులూ అలాగే నేర్చుకున్నారు. ఇప్పటికీ నంగునూరు నుంచి ఫోన్ చేసి శాలువా చిరిగింది, కొత్తది పంపమని అడుగుతారు. యంత్రం మీద హక్కుల కోసం పెట్టిన దరఖాస్తులో స్రవంతి మేడం పేరు, సత్తయ్య పేరు పక్కపక్కన ఉన్నాయి. సత్తయ్యను కాలేజీలో పాఠం చెప్పడానికి పిలిచారు. గాలి గురించి చెప్పమంటే గంటంతా తన గురించే చెప్పుకున్నాడని, పిల్లలు మళ్ళీ ఆయన్నే పిలవమన్నారని విన్నాను.

నేను రిటైరైన రోజు కాలేజీ వాళ్ళు కూడా వచ్చారు. ముందు నన్ను కూర్చోబెట్టి, నా ఉద్యోగంలో నేను పరిష్కరించలేకపోయిన సమస్యలేమిటో చెప్పమన్నారు. చాలానే ఉన్నాయి, చెప్పాను. స్రవంతి మేడం, ఇప్పుడు పర్మనెంట్, రెండింటికి అక్కడికక్కడే సమాధానం చెప్పింది, మూడోదానికి తనకూ తెలియదంది. ఆ తర్వాతే శాలువా కప్పారు. మెరూన్ రంగు, వెడల్పు అంచు. దుప్పటి కుట్లు విప్పి తీశారు. ఎడమ భుజం దగ్గర మరక అలాగే ఉంది, ఉతికించినట్లు లేదు. మక్కల వాసన వస్తోంది.

నా తర్వాత ఆ బాధ్యత తీసుకున్నవారికి నేను అప్పగించిన నియమం ఒక్కటే. రెండు సంస్థలు కలిసి కూర్చున్నప్పుడు ఎవరికి ఏమి తెలియదో అది ఎజెండాలో మొదటి అంశంగా ఉండాలి, తెలిసినది తర్వాత దానంతటదే వస్తుంది. సన్మానం చివరి అంశం. చలికాలమైతే మాత్రం కొంచెం ముందుకు జరుపుకోవచ్చు.